రాళ్ళ వయసు చెప్పిన కమ్మరి కొడుకు

 

మన గోడ పత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక కింద ఇప్పటిదాకా దేశ నాయకుల గురించి, కవుల గురించి చాలామంది రాశారు. ఈసారి ఆ శీర్షిక నా వంతు వచ్చింది. నేను ఒక సర్వేయరు గురించి రాస్తున్నాను. పొలాలకి గొలుసు పట్టుకుని కొలతలు వేసే సర్వేయరే. ఆయన పేరు విలియం స్మిత్. ఇంగ్లండు దేశస్థుడు. చనిపోయి 180 ఏళ్ళు దాటింది. ఆయన యుద్ధాలు చెయ్యలేదు, రాజ్యాలు ఏలలేదు. నేలలో ఏ పొర ముందు పుట్టిందో, ఏ పొర తర్వాత పుట్టిందో సముద్రపు గవ్వల్ని, చిప్పల్ని చూసి చెప్పాడు. అంతే. కానీ ఆ ఒక్క పనితో భూమి చరిత్ర చదవడం లోకానికి నేర్పాడు. చదివితే మీరే ఒప్పుకుంటారు.

బాల్యం

విలియం స్మిత్ 1769 మార్చి 23న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లా, చర్చిల్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి కమ్మరి. కొలిమి పని చేసుకుని బతికే కుటుంబం. స్మిత్‌కి ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి చనిపోయాడు. తర్వాత పెదనాన్న వరసైన ఒక రైతు దగ్గర పెరిగాడు. ఊరి బడిలో చదివిన కొద్దిపాటి చదువే ఆయన చదువు. కాలేజీ గుమ్మం ఎక్కలేదు.

ఆ ఊరి పొలాల్లో వింత రాళ్ళు దొరికేవి. కొన్ని గోళీల్లా గుండ్రంగా, రెండు చిప్పలు మూసినట్టు ఉండేవి. పిల్లలు వాటితో గోళీలాట ఆడేవాళ్ళు. ఇంకొన్ని అరచేతిలో పట్టేంత పెద్దవి, మీద అయిదు గీతల పువ్వు బొమ్మ ఉండేది. పాలు, వెన్న అమ్మే ఆడవాళ్ళు వాటిని తక్కెట్లో తూకపు రాళ్ళుగా వాడేవాళ్ళు. అవి నిజానికి మామూలు రాళ్ళు కావు. ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవులు రాయిగా మారినవి. వీటినే శిలాజాలు అంటారు. ఆ ఊరికి సముద్రం చాలా దూరం. మరి సముద్రపు జీవులు పొలంలోకి ఎలా వచ్చాయి? అందరూ వాటితో ఆడుకున్నారు, తూకాలు వేసుకున్నారు. ఈ కుర్రాడు మాత్రం వాటిని ఏరి దాచుకున్నాడు.

గొలుసు పట్టిన కుర్రాడు

1787లో స్మిత్‌కి 18 ఏళ్ళు. ఎడ్వర్డ్ వెబ్ అనే సర్వేయరు వాళ్ళ ఊరి పొలాలు కొలవడానికి వచ్చాడు. కుర్రాడి చురుకుతనం చూసి సహాయకుడిగా పెట్టుకున్నాడు. లెక్కలు, కొలతలు, పటాలు గియ్యడం అన్నీ స్మిత్ పని చేస్తూనే నేర్చుకున్నాడు.

1791లో వెబ్ అతన్ని సోమర్‌సెట్ అనే ప్రాంతానికి పంపాడు. అది బొగ్గు గనుల చోటు. మన సింగరేణి లాంటిదనుకోండి, కాకపోతే చిన్న చిన్న గనులు. స్మిత్ గనుల్లోకి దిగి చూశాడు. దిగుతుంటే పక్క గోడలో పొరలు కనిపించాయి. ఒక రకం రాయి, దాని కింద మరో రకం, దాని కింద బొగ్గు, మళ్ళీ రాయి. పక్క గనిలో దిగినా అదే వరస. ఇంకో గనిలోనూ అదే వరస. గని పనివాళ్ళకి ఈ సంగతి ముందే తెలుసు. ఏ పొర తర్వాత బొగ్గు తగులుతుందో వాళ్ళు చెప్పగలరు. కానీ బొగ్గు ఉన్న నేల పైన ఉన్న మిగతా పొరలకి కూడా అలాంటి వరస ఉంటుందా అని అడిగితే, లేదు అన్నారు. స్మిత్‌కి నమ్మకం కుదరలేదు. తనే చూడాలనుకున్నాడు.

చూసే అవకాశం త్వరలోనే వచ్చింది. బొగ్గుని పడవల మీద తీసుకెళ్ళడానికి సోమర్‌సెట్‌లో కాలువ తవ్వాలనుకున్నారు. 1793లో ఆ సర్వే పని స్మిత్‌కి ఇచ్చారు. ఆ కాలువకి రెండు పాయలు. రెండు లోయల్లో తవ్వారు. తవ్విన ప్రతి చోటా కొత్త రాయి బయటపడేది. రెండు లోయల్లోనూ పొరలు ఒకే వరసలో ఉన్నాయి. పైగా అన్నీ తూర్పు వైపు కొంచెం వాలి ఉన్నాయి. పళ్ళెంలో రొట్టె ముక్కలు ఒకదాని మీద ఒకటి పక్కకి వాల్చి పెడితే ఎలా ఉంటాయో అలాగ. 1794లో కాలువ సంఘం వాళ్ళతో కలిసి ఉత్తర ఇంగ్లండు దాకా 900 మైళ్ళు బండిలో తిరిగాడు. మిగతావాళ్ళు కాలువలు చూస్తే, స్మిత్ దారి పొడుగునా కొండల వాలు, నేల రంగు చూసుకుంటూ వెళ్ళాడు. దేశమంతా అదే వరస ఉందని అతనికి గట్టిగా అనిపించింది.

అసలు రహస్యం

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పొరల్లో బంకమట్టి ఒక్కటే కాదు, చాలా ఉన్నాయి. సున్నపురాయి పొరలూ చాలా ఉన్నాయి. రంగు చూసినా, చేత్తో నలిపి చూసినా ఒకేలా ఉంటాయి. కొత్త చోట బంకమట్టి కనబడితే అది పైనున్న పొరా, కిందున్న పొరా ఎలా చెప్పాలి?

చిన్నప్పుడు ఏరుకున్న వింత రాళ్ళు ఇప్పుడు పనికొచ్చాయి. ఏ పొరలోంచి ఏ శిలాజం తీశాడో స్మిత్ జాగ్రత్తగా గుర్తు పెట్టుకున్నాడు. చూస్తే ఒక్కో పొరకి దాని సొంత శిలాజాలు ఉన్నాయి. రెండు బంకమట్టి పొరలు చూడ్డానికి ఒకటే, కానీ వాటిలోని జీవులు వేరు. ఎంత దూరం వెళ్ళినా అదే పొరలో అవే జీవులు.

ఇది అర్థం కావాలంటే మన ఈ గోడనే చూడండి. నెలనెలా పాత కాగితం మీదే కొత్త కాగితం అంటిస్తాం. కాబట్టి అడుగున ఉన్నది పాతది, పైనున్నది కొత్తది. ఇది మొదటి సూత్రం. దీన్ని స్మిత్ కంటే ముందే, 1669లో, స్టెనో అనే ఆయన చెప్పాడు. ఇప్పుడు ఎవరో గోడ మీదనుంచి ఒక ముక్క చింపి మీ చేతికిచ్చారనుకోండి. అది ఏ నెలదో కాగితం రంగు చూసి చెప్పలేరు, అన్నీ తెల్ల కాగితాలే. కానీ దాని మీద జెండా బొమ్మ ఉంటే ఆగస్టుది అంటారు. గొబ్బెమ్మ బొమ్మ ఉంటే జనవరిది అంటారు. పక్క హాస్టల్ గోడ మీద ముక్కయినా అలాగే చెప్పొచ్చు. రాయి కాగితం లాంటిది, శిలాజం బొమ్మ లాంటిది. ఇది రెండో సూత్రం, స్మిత్‌ది.

అయితే సముద్రపు జీవులే ఎందుకు ఎక్కువ పనికొస్తాయి? మూడు కారణాలు చెప్తాను.

ఒకటి, వాటికి గట్టి చిప్పలుంటాయి. చచ్చిపోయాక సముద్రం అడుగున బురద వాటిని కప్పేస్తుంది. గాలికీ ఎండకీ పాడవకుండా నిలుస్తాయి. అడవిలో చచ్చిన జంతువు ఎముకలు అలా నిలవడం తక్కువ.

రెండు, సముద్రం అంతా ఒకటే. నీటిలో ఈదుతూ, కొట్టుకుపోతూ ఒకే రకం జీవి చాలా దేశాలకి చేరుతుంది. అందుకని దూర దూరాల పొరలని పోల్చవచ్చు.

మూడు, కొన్ని రకాలు కొంత కాలమే బతికి అంతరించాయి, వాటి చోట కొత్త రకాలు వచ్చాయి. అమ్మోనైట్ అనే జీవి దీనికి మంచి ఉదాహరణ. చుట్ట చుట్టుకున్న పాములాగా, పొట్టేలు కొమ్ములాగా ఉంటుంది. దాని రకాలు త్వర త్వరగా మారిపోయాయి. కాబట్టి ఏ రకం అమ్మోనైట్ దొరికిందో చూస్తే ఆ పొర ఏ కాలానిదో తెలిసిపోతుంది.

అమ్మోనైట్ పేరు కొత్తగా ఉన్నా మనవాళ్ళకి అది తెలియనిదేమీ కాదు. గుళ్ళలో, కొందరి ఇళ్ళలో పూజించే సాలగ్రామం ఉంది కదా, నేపాల్‌లో గండకీ నదిలో దొరుకుతుంది. దాని మీద చక్రం గుర్తు ఉంటుంది. ఆ చక్రం అమ్మోనైట్ శిలాజమే. హిమాలయాలు ఉన్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదనడానికి అదే సాక్ష్యం.

పరీక్ష

బాత్ అనే పట్టణంలో రిచర్డ్‌సన్ అనే పాస్టరు గారు శిలాజాలు సేకరించేవారు. ఆయన దగ్గర చాలా ఉన్నాయి, అందంగా పేర్చుకున్నారు. కానీ ఏది ఏ పొరదో తెలీదు. స్మిత్ వెళ్ళి ఆ శిలాజాలన్నీ తీసి, ఇది ఈ పొరది, ఇది దాని కింది పొరది అంటూ వరసగా మార్చి పెట్టాడు. పాస్టరు గారు ఆశ్చర్యపోయారు. ఆయన మిత్రుడు టౌన్సెండ్ అనే ఇంకో పాస్టరు గారు కూడా ఉన్నారు. ముగ్గురూ కలిసి పరీక్ష పెట్టుకున్నారు. డండ్రీ అనే కొండ మీద ఏ శిలాజాలు దొరుకుతాయో స్మిత్ ముందే చెప్పాడు. ఎక్కి చూస్తే చెప్పినట్టే ఉన్నాయి!

1799లో టౌన్సెండ్ గారి ఇంట్లో స్మిత్ చెప్తూ ఉంటే రిచర్డ్‌సన్ గారు రాశారు. పైన సుద్దరాయి నుంచి కింద బొగ్గు దాకా 23 పొరలు, ఏ పొరలో ఏ శిలాజాలు ఉంటాయో ఒక పట్టిక. ఆ కాగితం నకళ్ళు చేతులు మారి చాలా దూరం వెళ్ళాయి. అదే ఏడాది కాలువ కంపెనీ స్మిత్‌ని ఉద్యోగంలోంచి తీసేసింది.

ఒంటరిగా గీసిన పటం

ఉద్యోగం పోయినా స్మిత్ ఆగలేదు. చిత్తడి పొలాల్లో నీళ్ళు తీసే పని, సముద్రపు కట్టలు పటిష్ఠం చేసే పని, ఏది దొరికితే అది చేశాడు. 1810లో బాత్ పట్టణంలో వేడినీళ్ళ ఊటలు తగ్గిపోతే, నీరు ఎటు పోతోందో కనిపెట్టి సరిచేశాడు. పని కోసం దేశమంతా తిరిగేవాడు. తిరిగిన ప్రతిచోటా పొరలు చూసి రాసుకునేవాడు. సంపాదించిన డబ్బంతా ఈ తిరుగుడుకే అయిపోయేది.

ఈ విద్య వల్ల జనానికి ఏం లాభం అంటారా? చాలా లాభం. ఆ రోజుల్లో నల్ల మట్టి కనబడితే చాలు, బొగ్గు ఉందనుకుని భూస్వాములు వేలకి వేలు పోసి గోతులు తవ్వేవాళ్ళు. స్మిత్ ఆ మట్టిలో శిలాజం చూసి, ఇది బొగ్గు కంటే చాలా పై పొర, ఇక్కడ తవ్వితే దండగ అని చెప్పగలిగేవాడు.

చివరికి 1815లో ఆయన పటం అచ్చయింది. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులో కొంత భాగం. ఎత్తు 8 అడుగుల పైన, వెడల్పు 6 అడుగుల పైన. 15 కాగితాలు కలిపితే ఒక పటం. ఒక్కో పొరకి ఒక్కో రంగు, చేత్తో వేసినవి. పొర అడుగు భాగం ఎక్కడుందో తెలియడానికి అక్కడ రంగు ముదురుగా వేయించాడు. సుమారు 400 పటాలు తయారయ్యాయి. ఒక దేశం మొత్తానికి ఇంత వివరంగా ఇలాంటి పటం అంతకు ముందు లేదు. పెద్ద సర్కారు కచేరీ కాదు, వందమంది ఉద్యోగులు కాదు, ఒక్క మనిషి చేశాడు. తర్వాత 1816 నుంచి ఏ పొరని ఏ శిలాజంతో గుర్తుపట్టాలో బొమ్మలతో పుస్తకం కూడా తెచ్చాడు.

కష్టకాలం

ఇక్కడిదాకా చదివి, ఇంకేముంది, గొప్పవాడైపోయాడు అనుకుంటున్నారేమో. కాలేదు.

లండనులో 1807లో జియలాజికల్ సొసైటీ అని ఒక సంఘం పెట్టారు. భూమి గురించి చర్చించే సంఘం. అందులో అందరూ ఆస్తిపరులు, పెద్ద చదువులవాళ్ళు. వాళ్ళు స్మిత్ ఇంటికి వచ్చి శిలాజాలు చూసి వెళ్ళారు. సభ్యుడిగా మాత్రం పిలవలేదు. కమ్మరి కొడుకు, కూలికి కొలతలు వేసేవాడు, మనతో సమానంగా ఎలా కూర్చుంటాడు అన్న భావం ఆ రోజుల్లో అక్కడ ఉండేది. ఆ సంఘం అధ్యక్షుడు గ్రీనో గారు ఇంకో పటం తయారు చేయించారు. అది 1820లో బయటికొచ్చింది. అందులో స్మిత్ శ్రమ చాలా ఉంది, పేరు మాత్రం లేదు.

ఇంకోవైపు స్మిత్ బాత్ దగ్గర పెట్టిన రాతి క్వారీ నష్టపోయింది. అప్పులు పెరిగాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఏరిన శిలాజాలని బ్రిటిష్ మ్యూజియానికి అమ్మేశాడు. మొత్తం 700 పౌన్లు వచ్చాయి, అప్పులకి చాలలేదు. 1819లో అప్పు తీర్చలేదని జైల్లో పెట్టారు. అప్పుడు ఆయన వయసు 50 ఏళ్ళు. ఆగస్టు 31న విడుదలయ్యాడు. అప్పటికి ఇల్లు, సామాను జప్తయిపోయాయి. భార్యకి మతిస్థిమితం సరిగా లేదు. భార్యని, మేనల్లుడు జాన్ ఫిలిప్స్‌ని తీసుకుని లండను వదిలేసి ఉత్తరాదికి వెళ్ళిపోయాడు.

నన్ను ఎక్కువగా ఆపి చదివించింది ఈ భాగమే. చేసిన పనిని పైవాళ్ళు తీసుకున్నారు, పేరు ఇవ్వలేదు, ఇల్లు కూడా పోయింది. అయినా ఆయన ఏ ఊరు వెళితే ఆ ఊరి రాళ్ళు చూడటం మానలేదు. ఊళ్ళలో ఉపన్యాసాలు చెప్పాడు. స్కార్‌బరో అనే సముద్రతీరపు ఊళ్ళో ఆయన సలహా ప్రకారం 1829లో గుండ్రటి మ్యూజియం కట్టారు. గోడ చుట్టూ అరల్లో శిలాజాలు పొరల వరసలోనే, పాతవి కింద, కొత్తవి పైన. ఆ భవనం నేటికీ ఉంది.

గౌరవం

కాలం మారింది. సంఘంలో కొత్త తరం వచ్చింది. 1831లో అదే జియలాజికల్ సొసైటీ తన మొట్టమొదటి వొలాస్టన్ పతకాన్ని స్మిత్‌కి ప్రకటించింది. అప్పటి అధ్యక్షుడు సెడ్జ్‌విక్ గారు ఆయన్ని ఇంగ్లండు భూగర్భశాస్త్ర పితామహుడని పొగిడారు. రాజు నాలుగో విలియం ఏడాదికి 100 పౌన్ల పింఛను ఇచ్చాడు. 1835లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ డాక్టర్ పట్టం ఇచ్చింది. కాలేజీ గుమ్మం ఎక్కని మనిషి డాక్టర్ స్మిత్ అయ్యాడు. 1838లో పార్లమెంటు కొత్త భవనానికి ఏ రాయి వాడాలో చూసే సంఘంలో కూడా ఆయన్ని వేశారు.

1839లో శాస్త్రవేత్తల సభకి బర్మింగ్‌హామ్ వెళుతూ దారిలో నార్తాంప్టన్‌లో జబ్బుపడ్డాడు. ఆగస్టు 28న కన్నుమూశాడు. వయసు 70 ఏళ్ళు.

ఆయన పెంచిన మేనల్లుడు జాన్ ఫిలిప్స్ చిన్నప్పుడే తల్లిదండ్రులు లేని పిల్లవాడు. మామతో తిరిగి రాళ్ళు చదవడం నేర్చుకున్నాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. శిలాజాల మార్పుని బట్టి 1841లో భూమి చరిత్రని మూడు మహాయుగాలుగా విడదీశాడు. పురాజీవ, మధ్యజీవ, నవజీవ మహాయుగాలు. ఇవి నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇక 1865లో గ్రీనో పటం మళ్ళీ వేసినప్పుడు, దానికి ఆధారం స్మిత్ పటమే అని దాని మీదే అచ్చువేశారు. అప్పటికి స్మిత్ పోయి 26 ఏళ్ళు.

ఒక సంగతి చెప్పాలి. స్మిత్ పొరల వరస చెప్పాడు గానీ ఎన్నేళ్ళో చెప్పలేదు. అన్న ఎవరు, తమ్ముడు ఎవరు అని చెప్పాడు, వయసు లెక్క చెప్పలేదు. ఆ లెక్క 20వ శతాబ్దంలో రేడియోధార్మికత తెలిశాక వచ్చింది. ఇప్పుడు రెండూ కలిపి చూస్తారు. అమ్మోనైట్‌లు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద, డైనోసార్లతో పాటే, అంతరించాయని అలా తెలిసింది.

మన దగ్గర

రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి వైపు నల్లరాయి క్వారీలున్నాయి. అది ఒకప్పుడు కరిగి పారిన లావా. రెండు లావా పొరల మధ్య సన్నటి పొర ఉంది, అందులో సముద్రపు జీవుల శిలాజాలున్నాయి. అందులోని ఫొరామినిఫెరా అనే, కంటికి సరిగా ఆనని జీవుల చిప్పలు చూసి, ఆ లావా డైనోసార్లు అంతరించిన కాలం దగ్గరిదని శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. అది స్మిత్ పద్ధతే.

మరి మన ఏజెన్సీ కొండల్లో ఎందుకు దొరకవు అని అడుగుతారు. మన కొండల్లో ఎక్కువగా ఉండే రాయి పేరు ఖొండలైట్. ఆ పేరు ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీదే పెట్టారు! అంటే మనలో కొందరి తెగ పేరు ప్రపంచంలోని భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఉంది. అది కూడా మొదట బురదగా, ఇసుకగా పేరుకున్నదే. తర్వాత భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయింది. గట్టి చిప్పలున్న జీవులు పుట్టక ముందటి రాయి. అందుకే అందులో గవ్వలు దొరకవు. శిలాజం లేకపోవడం కూడా ఒక కబురే.

మనలో చాలామంది కూలి పని, పోడు పని చేసే ఇళ్ళనుంచి వచ్చాం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఏ మట్టిలో ఏ పంట వస్తుందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో చూపుతోనే తెలుసు. అది చదువు కాదని ఎవరూ అనుకోవద్దు. స్మిత్‌కి గని పనివాళ్ళు చెప్పింది కూడా అలాంటి చదువే. ఆయన దాన్ని కొలిచాడు, వరసగా కాగితం మీద రాశాడు. మనమూ చూసింది రాసుకుందాం. ఏ చోట చూశామో, ఏ తారీకున చూశామో పక్కనే రాసుకుందాం. మన పేరు కూడా రాసుకుందాం, మర్చిపోవద్దు.

ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు రోడ్డు కోసం కొండ కోసిన చోట ఒక్కసారి ఆగి చూడండి. ఎన్ని పొరలు కనిపించాయో లెక్కపెట్టి వచ్చి చెప్పండి. బాగున్నవి బొమ్మ వేసి వచ్చే నెల గోడ మీద పెడదాం.

— పదో తరగతి విద్యార్థి